పర్లాకిమిడి పెరట్లో మొక్క పాడైతే ముందు తేదీ చూడండి

విత్తనాల పొట్లం మీద ‘జూన్-జూలై, అక్టోబర్-నవంబర్’ అని ఉంటుంది. అది దేశమంతటికీ కలిపి రాసిన మాట. ఒకపక్క శ్రీకాకుళం, ఇంకోపక్క బరంపురం, వెనకాల మహేంద్రగిరి ఉన్న మన ఊరికి అది సరిగ్గా అతకదు. ఇన్నేళ్లుగా మా పెరట్లో చచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం పురుగు వల్ల పోలేదు, రెండు మూడు వారాలు ముందో వెనకో నాటడం వల్ల పోయాయి. అందుకే కింద సమస్యలతో పాటు, అవసరమైన చోట కార్తె కూడా చెబుతున్నాను.

మొలిచిన నారు వరసగా పడిపోతోంది

వంగ, మిరప నారు నాలుగాకులు వేశాక మొదలు దగ్గర దారంలా సన్నబడి నేలకు వాలిపోతుంది. ఇది నారుకుళ్లు. మృగశిర కార్తె రాగానే, అంటే జూన్ 8 ప్రాంతంలో, తొలి జల్లుకే తొందరపడి చదును నేలలో చిక్కగా జల్లేస్తాం. వారం తిరక్కుండా అసలు వానలు దిగి మడి బురదవుతుంది, బూజు అంటుకుంటుంది. జూన్ మధ్యలో వచ్చే ఒడియా వాళ్ల రజ పండగ మూడు రోజులూ ఇక్కడ నేల తవ్వరు కదా, అదే మంచి గుర్తు. పండగ వెళ్లాక జానెడు ఎత్తున మడి కట్టి, మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపి, వేలు పట్టేంత సందు వదిలి పలచగా వేయండి. ఇప్పటికే పడిపోతుంటే నీళ్లు ఆపి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. పడిన మొక్క లేవదు, పక్కవి దక్కుతాయి.

సొర, బీర పూస్తున్నాయి, పిందె పసుపెక్కి రాలుతోంది

మొదటి పది పదిహేను రోజులు మగపూలే వస్తాయి, దానికి కంగారు వద్దు. ఆ తర్వాత కూడా పిందె నిలవకపోతే పరాగం అందడం లేదన్నమాట. మృగశిరలో పెట్టిన పాదు సరిగ్గా శ్రావణం ముసురులో పూతకొస్తుంది. పుప్పొడి తడిసిపోతుంది, పురుగులు తిరగవు. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వాన తెరిపిచ్చిన పూట దీపాల వేళకు పందిరి కిందకు వెళ్లండి. సన్నటి కాడ మీద నిలబడ్డది మగపువ్వు, కింద వేలెడు పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు తుంచి రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పసుపు పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. నాలుగైదు రోజుల్లో పిందె ముదురాకుపచ్చగా నిగనిగలాడితే పట్టినట్టే.

బెండ ఆకుల్లో ఈనెలు పసుపుపచ్చగా వలలా కనిపిస్తున్నాయి

పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు. మొక్క పీకి దూరంగా పారేయండి. మిగిలిన వాటికి వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున పడేలా కొట్టండి. వచ్చేసారి తెగులు తట్టుకునే రకం అడిగి తెచ్చుకోండి.

అక్టోబరులో నాటిన టమాటా వానల తర్వాత నిలువునా వడలిపోయింది

ఎక్కువమంది ఫోన్ చేసి అడిగేది దీని గురించే. ఆకు వేలాడుతుంటే దాహం అనుకుని ఇంకో బిందె పోస్తారు. పోయకండి. వేలు మట్టిలోకి గుచ్చి చూడండి. లోపల జిగటగా ఉంటే వేరుకు గాలి ఆడటం లేదు. మడి చుట్టూ కాలవ తీసి నీరు బయటికి పంపండి, పైమట్టి ఆరాక సన్నగా గుల్ల చేయండి. రెండు రోజుల్లో చిగురు తలెత్తితే బతికినట్టే.

నీరు పోయినా లేవకపోతే ఒక మొక్క కాండం మొదట్లో కోసి, ముక్కను గాజు గ్లాసు నీళ్లలో కదలకుండా పట్టుకోండి. కోత దగ్గర్నుంచి పాలపొగలాంటి తెల్లటి దారం కిందికి జారిందా, అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మొక్కను వేరుతో సహా తీసేయాలి. ఆ మడిలో రెండు మూడేళ్లు టమాటా, వంగ, మిరప పెట్టొద్దు. చిక్కుడో మొక్కజొన్నో వేసుకోండి.

ఇక అసలు కారణం తేదీ. తుపాన్లు చూడండి: ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. మూడూ చిత్త కార్తె మొదటి రోజులే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన ఆ ఉదయం మా పందిరి, దాని కింద నాటి పది రోజులైన మొక్కలు అన్నీ పోయాయి. అప్పట్నుంచి హస్త కార్తెలో, సెప్టెంబర్ 27 తర్వాత, నారు నేలలో కాక ట్రేల్లో పోస్తున్నాను. వాయుగుండం అని భువనేశ్వర్ వాతావరణ కేంద్రం చెప్పగానే ట్రేలు ఎత్తి వరండాలో పెట్టేస్తాను. స్వాతి వచ్చేసరికి, అక్టోబర్ 24 ప్రాంతంలో, నారుకు నాలుగు వారాలు నిండుతాయి. నాటడానికి సరైన వయసు అదే.

కాలీఫ్లవర్ పువ్వు బొత్తాం అంతే వచ్చింది, లేదా ఆకులే తప్ప పువ్వు లేదు

బొత్తాం పువ్వు అంటే ముదురు నారు నాటారు, లేదా ముందస్తు రకాన్ని చలిలో పెట్టారు. ఆకులే వస్తే చలి రకాన్ని వేడిలో పెట్టారు. సంతలో నారు కొనేటప్పుడు రకం పేరు అడగండి, నెల దాటిన నారు వద్దనండి. కోరాపుట్‌లో చుట్టాల ఇంట పండింది కదా అని ఆ విత్తనమే తెచ్చుకోకండి. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి అక్కడి చలి మనకు రాదు.

మార్చి చివర్లో టమాటా పూత రాలుతోంది

పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే పుప్పొడి పనిచేయదు, పిందె కట్టదు. హార్మోన్ మందులకు డబ్బు పెట్టకండి. స్వాతిలో నాటిన మొక్క జనవరి, ఫిబ్రవరిల్లోనే కాపు ఇచ్చేసి ఉంటుంది. దాన్ని తీసేసి ఆ మడిలో తోటకూర, గోంగూర జల్లి, రోజూ సాయంత్రం నీళ్లు చిలకరించండి.