పేజీలకు దారులు వేయడం: ఇంటర్నల్ లింకుల పని ఎలా చేయాలి

సైటు నిర్మాణం అనగానే చాలామంది యూఆర్ఎల్‌లో, అంటే పేజీ చిరునామాలో, ఏ ఫోల్డరు కింద ఏది రావాలన్న దగ్గర మొదలుపెడతారు. అది రెండో సంగతి. ముందు చూడాల్సింది ఇంటర్నల్ లింకులు, అంటే సైటులోనే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులు. ఒక పేజీ దగ్గరో దూరమో గూగుల్‌కు తెలిసేది లింకుల వల్లే. యూఆర్ఎల్‌లో నాలుగు స్లాష్‌లున్నా, హోమ్ పేజీలో దానికి లింకు ఉంటే అది ఒక్క క్లిక్కు దూరమే. యూఆర్ఎల్ ఎంత పొట్టిగా ఉన్నా, ఏ పేజీలోనూ దానికి లింకు లేకపోతే పాఠకుడికీ దొరకదు, పేజీలను చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్‌కూ సరిగా అందదు.

దీని వెనకున్న లెక్క 1998లో గూగుల్ వ్యవస్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా ప్రచురించిన పేజ్‌ర్యాంక్, అంటే లింకులను బట్టి పేజీ విలువ కట్టే పద్ధతి. ఒక పేజీ తనకు వచ్చిన విలువలో చాలా భాగాన్ని తాను లింకు ఇచ్చే పేజీలకు పంచుతుంది. పంచుకునేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. ఆ తర్వాత గూగుల్ లెక్కలు ఎంతో మారాయి గానీ ఈ సూత్రాన్ని వదిలేయలేదు. అందుకే ఏ పేజీ నుంచి లింకు ఇస్తున్నారన్నది, ఎన్ని లింకులు ఇస్తున్నారన్న దానికన్నా ముఖ్యం.

ముందు ఉన్న సరుకు లెక్క చూసుకోవాలి. లింకుల వెంట నడిచి పేజీల జాబితా తీసే స్క్రీమింగ్ ఫ్రాగ్ లాంటి క్రాలర్‌తో సైటు మొత్తం తిప్పండి. దాని ఉచిత వెర్షన్ 500 యూఆర్ఎల్‌ల వరకు చూస్తుంది, చిన్న సైటుకు సరిపోతుంది. వచ్చిన జాబితాలో యూఆర్ఎల్, స్టేటస్ కోడ్ (పేజీ తెరుచుకుందో లేదో చెప్పే నంబరు), హోమ్ పేజీ నుంచి ఎన్ని క్లిక్కుల లోతు, లోపలి నుంచి ఎన్ని లింకులు వస్తున్నాయి అనే నాలుగు కాలమ్‌లు ఉంచుకుని మిగతావి తీసేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. క్రాలర్ కూడా లింకులు పట్టుకునే నడుస్తుంది కాబట్టి, లింకు లేని అనాథ పేజీలు దాని జాబితాలో కనిపించవు. వాటిని పట్టుకోవాలంటే వర్డ్‌ప్రెస్ లాంటి మీ సిస్టమ్‌లోంచి ప్రచురించిన పేజీల జాబితా విడిగా తీసి, రెండూ పక్కపక్కన పెట్టాలి. రెండోదానిలో ఉండి మొదటిదానిలో లేనివే అనాథలు. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని లింక్స్ రిపోర్టులో ఏ పేజీకి లోపలి లింకులు ఎక్కువో కూడా చూడండి. ప్రైవసీ పాలసీ, లాగిన్ లాంటి పేజీలు పైన ఉండి, మీరు గెలిపించాలనుకున్న పేజీలు అడుగున ఉంటే పని ఎక్కడ చేయాలో తెలిసినట్టే.

సైట్‌మ్యాప్‌లో, అంటే గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా ఫైలులో, పెట్టాం కదా అని అనాథ పేజీలను వదిలేయకూడదు. ఒక్కో సైట్‌మ్యాప్ ఫైలులో 50,000 యూఆర్ఎల్‌లు పెట్టొచ్చు. కానీ ఆ ఫైలు చెప్పేది ఈ పేజీ ఉందన్న సంగతి మాత్రమే. ఆ పేజీ దేనికి సంబంధించినది, ఎంత ముఖ్యం అన్నది చెప్పేది లింకులే.

లోతు ఎలా పెరుగుతుందో లెక్కేసి చూడండి. 300 వ్యాసాల సైటు, హోమ్ పేజీలో తాజా వ్యాసాలు పది, కింద "పాతవి" అనే ఒక్క లింకు. అన్నిటికన్నా పాత వ్యాసం 30వ పేజీలో ఉంటుంది. అక్కడికి చేరడానికి 29 క్లిక్కులు, వ్యాసం తెరవడానికి ఇంకొకటి. అదే 300 వ్యాసాలను 12 అంశాలుగా విడదీసి, ఒక్కో అంశానికి ఒక ప్రధాన పేజీ పెట్టి, హోమ్ పేజీ నుంచి దానికి లింకిచ్చి, అందులో పాతిక వ్యాసాలకు లింకులిస్తే ప్రతి వ్యాసమూ రెండు క్లిక్కుల్లో వస్తుంది. ఒక్క కొత్త వ్యాసం రాయకుండా వచ్చే లాభం ఇది. ముఖ్యమైనవి మూడు క్లిక్కుల లోపు ఉండేలా చూసుకోండి. అది గూగుల్ పెట్టిన నియమం కాదు, పనికొచ్చే కొలత.

ప్రధాన పేజీ అంటే లింకుల చిట్టా కాదు. సైకిల్ రిపేర్ల మీద సైటు ఉందనుకుందాం. "సైకిల్ బ్రేకులు" అనే ప్రధాన పేజీలో బ్రేకుల రకాలేమిటి, ఏ లక్షణం కనిపిస్తే ఏది చూడాలి అన్నది నాలుగైదు పేరాల్లో చెప్పి, ఆ వాక్యాల్లోనే ప్యాడ్లు మార్చడం, కేబుల్ బిగించడం, రిమ్ బ్రేకు సరిచేయడం లాంటి పేజీలకు లింకులివ్వాలి. ఆ ప్రతి పేజీ నుంచీ ప్రధాన పేజీకి తిరుగు లింకు ఉండాలి. అక్కడితో ఆగితే సగం పనే. ప్యాడ్లు మార్చినవాడికి తర్వాత కేబుల్ బిగించాల్సి రావచ్చు. కాబట్టి ఆ రెండు పేజీలూ ఒకదాన్నొకటి పిలవాలి. టైరు పంచరు పేజీని మాత్రం ఊరికే ఇందులోకి లాగొద్దు. పాఠకుడికి ఆ క్షణంలో అక్కర్లేని లింకు మిగతావాటి వాటా తింటుంది.

ఇక లింకు వేసే మాటలు. ఈ పనిలో అన్నిటికన్నా ఫలితమిచ్చేదీ, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే. "చప్పుడు ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి ఇక్కడ క్లిక్ చేయండి" అని రాసి "ఇక్కడ" మీద లింకు పెడితే అవతలి పేజీ గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా మార్చండి: "ప్యాడ్లు కొత్తవే అయినా కీచుమంటుంటే రోటరు మీద నూనె అంటిందేమో చూడాలి, డిస్క్ రోటరు శుభ్రం చేసే పద్ధతి విడిగా ఉంది." లింకు "డిస్క్ రోటరు శుభ్రం చేసే పద్ధతి" మీద ఉండాలి. రెండు నుంచి ఆరు మాటలు చాలు. పేరా మొత్తాన్ని లింకు చేయొద్దు. ఒకే మాటలతో రెండు వేర్వేరు పేజీలకు లింకివ్వకండి, ఆ మాటకు ఏది అసలు పేజీయో తేలదు. బొమ్మ మీద లింకు పెడితే దాని ఆల్ట్ టెక్స్టే (బొమ్మ గురించి కోడ్‌లో రాసే వివరణ) లింకు మాటగా లెక్కకొస్తుంది, దాన్ని ఖాళీగా వదలొద్దు.

కొత్త పేజీ ప్రచురించిన రోజే పాత పేజీల్లోంచి దానికి లింకులివ్వాలి. కొత్త పేజీలోంచి పాతవాటికి ఇవ్వడం అందరూ చేస్తారు; దానివల్ల కొత్తదానికి వచ్చేదేమీ లేదు. గూగుల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైను, ఆ తర్వాత అంశం పేరు ఇచ్చి వెతకండి. తెలుగు సైటయితే బ్రేకు, బ్రేక్, బ్రేకులు అని వేర్వేరు రూపాల్లో వెతకాలి, ఒక్క రూపంతో సగం పేజీలు తప్పిపోతాయి. దొరికినవాటిలో మూడు నుంచి ఐదు పేజీలు ఎంచుకుని, మాట సహజంగా వచ్చిన చోట లింకు పెట్టండి. వాటిలో బయటి సైట్ల నుంచి లింకులు వస్తున్న పేజీ ఒకటైనా ఉండేలా చూడండి.

కంటికి లింకులాగే కనిపించి, గూగుల్‌కు లింకు కానివి కొన్ని ఉంటాయి. లింకు ట్యాగ్‌లో హెచ్‌రెఫ్ (చిరునామా రాసే చోటు) ఉండి, అందులో అసలు చిరునామా ఉండాలి. బటన్ నొక్కితే జావాస్క్రిప్ట్ పేజీ మార్చేలా రాస్తే దాన్ని లింకుగా నమ్ముకోలేం. కిందికి జరిపేకొద్దీ వ్యాసాలు వచ్చే పేజీలదీ ఇదే సమస్య. గూగుల్‌బాట్ మనలా స్క్రోల్ చేయదు, "ఇంకా చూపించు" బటన్ నొక్కదు. వాటికి వెనక రెండో పేజీ, మూడో పేజీ అంటూ విడి యూఆర్ఎల్‌లు, వాటికి మామూలు లింకులు ఉండాలి. హాష్ గుర్తు తర్వాత వచ్చే నంబరు సరిపోదు. పేజీల వరసలో రెండో పేజీ నుంచి కెనానికల్‌ను (ఇదే అసలు పేజీ అని గూగుల్‌కు చెప్పే ట్యాగ్‌ను) మొదటి పేజీకి చూపించడం కూడా తప్పు. ప్రతి పేజీ తనకు తానే కెనానికల్ కావాలి. ఇంకొకటి, గూగుల్ ఇప్పుడు ఇండెక్సింగ్‌కు, అంటే పేజీలను తన జాబితాలో చేర్చుకోవడానికి, మొబైల్ వెర్షన్‌నే చూస్తుంది. జాగా చాలదని మొబైల్లో లింకులు తీసేస్తే అవి లేనట్టే. మడత మెనూలో ఉంచితే ఇబ్బంది లేదు.

అమ్మకాల సైట్లలో ఫిల్టర్లు గండం. ఐదు రంగులు, ఆరు సైజులు, నాలుగు వరసక్రమాలు కలిస్తే ఒక్క విభాగానికే 120 యూఆర్ఎల్‌లు పుడతాయి, సరుకు మాత్రం అదే. జనం నిజంగా వెతికే కలయికలకు మాత్రమే విడి పేజీలు చేసి లింకులివ్వండి. మిగతావాటిని, గూగుల్‌బాట్ ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో ఆపండి. ఆపిన పేజీలోనే నోఇండెక్స్ (జాబితాలో చేర్చవద్దనే ట్యాగ్) పెడితే మాత్రం ప్రయోజనం లేదు. పేజీ తెరవనిదే గూగుల్ ఆ ట్యాగ్‌ను చదవలేదు.

యూఆర్ఎల్ మార్చినప్పుడు 301 రీడైరెక్ట్ (పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వత మళ్లింపు) పెట్టడంతో సరిపెట్టకుండా, లోపలి లింకులన్నిటినీ కొత్త చిరునామాకు మార్చండి. గూగుల్‌బాట్ వరసగా పది రీడైరెక్ట్‌ల వరకే వెంట వస్తుంది, పైగా ప్రతి మెట్టూ వృథా ప్రయాణమే. లోపలి లింకులకు నోఫాలో (ఈ లింకు వెంట వెళ్లొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) పెట్టి విలువను ముఖ్యమైన పేజీలకు మళ్లించే పాత చిట్కా పనిచేయడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. ఆ వాటా పోతుంది తప్ప ఇంకోదానికి చేరదు.

మార్పులయ్యాక క్రాలర్‌ను మళ్లీ తిప్పి, పాత జాబితాతో పోల్చండి. లోతు, లోపలి లింకుల సంఖ్య వెంటనే మారి కనిపించాలి. కనిపించకపోతే లింకు ఎక్కడో తప్పు పడింది. సెర్చ్‌లో తేడాకు వారాలు పట్టొచ్చు. అప్పుడు కూడా సెర్చ్ కన్సోల్‌లో పేజీ "క్రాల్ అయింది, ఇండెక్స్ కాలేదు" అనే వరసలోనే ఉండిపోతే ఇంకా లింకులు పెట్టుకుంటూ పోకండి. ఆ పేజీలోని విషయాన్ని సరిచేయండి, లేదా దాన్ని అదే అంశం మీదున్న మెరుగైన పేజీలో కలిపేసి పాత చిరునామాను అటు మళ్లించండి.