కొత్త మెషీన్ మార్కెట్లోకి దించే ముందు

మెషీన్ బాగా పనిచేస్తోంది, ఇక అమ్మడమే తరువాయి అనుకుంటున్నారా? డీలర్లకు ఫోన్లు చేసే ముందు కాస్త ఆగండి. మెషీన్ మీద రావాల్సిన డబ్బు ఎవరి జేబులోంచి, ఎప్పుడెప్పుడు వస్తుందో తేల్చుకోండి.

1959లో అమెరికాలో హాలాయిడ్ జిరాక్స్ కంపెనీ 914 అనే కాపీ మెషీన్ తెచ్చింది. మామూలు కాగితం మీద శుభ్రమైన కాపీ వచ్చేది. కానీ బరువు దాదాపు 300 కిలోలు, ధర చూస్తే ఆఫీసులు బెదిరిపోయేంత. అందుకని అద్దెకిచ్చారు. నెలకు 95 డాలర్లు, 2,000 కాపీలు దాటితే ఒక్కోదానికి 4 సెంట్లు. సర్వీసు కంపెనీదే, వద్దనుకుంటే 15 రోజుల నోటీసు చాలు. జనం కాపీలు తెగ తీశారు, వాటిని లెక్కపెట్టే మీటరు ఆగకుండా తిరిగింది.

ఇది చదివి మీరూ అద్దె బోర్డు పెట్టేయకండి. మెషీన్ తయారీకి 3 లక్షలు, నెల అద్దె 10 వేలు అనుకుందాం. అసలు రావడానికే 30 నెలలు. యాభై మెషీన్లు దించితే కోటిన్నర ఇరుక్కుపోతుంది, వడ్డీ, రిపేర్లు వేరే. బ్యాంకుతో ముందే మాట్లాడుకోకపోతే, ఆర్డర్లు పెరిగేకొద్దీ టెన్షన్ కూడా పెరుగుతుంది.

పొలానికి మందు కొట్టే డ్రోన్ లాంటిదైతే ఇంకా జాగ్రత్త. సీజన్ అయ్యాక అది షెడ్డులోనే ఉంటుంది. నెల అద్దె అంటే రైతు దండం పెడతాడు, ఎకరాకు ఇంత అంటే ఒప్పుకుంటాడు. అప్పుడు ఖాళీ నెలల భారం మీ మీద పడుతుంది. బ్యాటరీ అరిగితే కొత్తది ఎవరు కొనాలి, పైలట్ జీతం ఎవరివ్వాలి అన్నది అగ్రిమెంటులో రాసుకోండి. "పంట చేతికొచ్చాక ఇస్తాం" అన్న మాట ఎలాగూ వస్తుంది. అన్నాళ్లు ఆగేది మీరా, డీలరా?

మెషీన్ మారినప్పుడు పాత లెక్కా తిరగేయాలి. 1980లలో క్యానన్ చిన్న కాపీ మెషీన్లు తెచ్చింది. అందులో ఇంకు పొడి ఉండే డబ్బా (కార్ట్రిడ్జ్) వాడేవాళ్లే మార్చుకోవచ్చు, సర్వీసు మనిషి కోసం ఎదురుచూడక్కర్లేదు. పెద్ద ఆఫీసులు, సర్వీసు సిబ్బంది మీద నడిచే జిరాక్స్‌కి అలాంటి చిన్న గిరాకీ అంత తేలిగ్గా అందలేదు.

ట్రయల్ మాత్రం ఉచితంగా ఇవ్వకండి. ఊరికే వస్తే అందరూ బాగుందనే అంటారు. డ్రోన్ అయితే ఎకరాకు వందైనా తీసుకోండి, రెండో స్ప్రేకి తమంతట తాము ఫోన్ చేసినవాళ్లను లెక్కపెట్టి, ఆ తర్వాతే తర్వాతి బ్యాచ్‌కి ఆర్డరివ్వండి.