పాత రేడియో హాస్యాన్ని వినే పద్ధతి

ఆకాశవాణి విజయవాడ కేంద్రం నాటికలు వింటూ పెరిగిన పెద్దలు ఇంట్లో ఉంటే, అలనాటి అమెరికా రేడియో హాస్య కార్యక్రమాలను వినడానికి ముందుగా వారినే కూర్చోబెట్టండి. ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చినా, గొంతును బట్టి మనిషిని పోల్చుకునే అలవాటు వారికి ఉంటుంది.

వేళను జాగ్రత్తగా ఎంచుకోవాలి. కోనసీమ ఉక్కలో ఫ్యాను ఆపలేము, శ్రావణంలో రేకుల మీద వాన హోరు తప్పదు, కాబట్టి మార్గశిర, పుష్య మాసాల రాత్రులే అనువైనవి. ఈ కార్యక్రమాలు ఒకే ఛానెల్‌లో రికార్డయినవి కనుక ఒక్క స్పీకరు చాలు.

1932లో మొదలై 1955 దాకా సాగిన హాస్యనటుడు జాక్ బెన్నీ కార్యక్రమంతో ప్రారంభించండి. సంభాషణ, పాట, వాద్యబృందం, చిన్న నాటిక, అన్నీ అరగంటలోనే ఇమిడిపోతాయి. అయితే అందరూ చెప్పుకునే దొంగ ఘట్టాన్ని మొదటే వినిపించవద్దు. 1948 మార్చి 28న ప్రసారమైన ఆ భాగంలో, డబ్బు ఇస్తావా, ప్రాణం ఇస్తావా అని దొంగ అడిగితే బెన్నీ పలకడు. ఆ మౌనంలోనే సభికుల నవ్వు ఎగసిపడుతుంది. దొంగ మళ్ళీ గద్దించాక, ఆలోచిస్తున్నానని విసుగ్గా జవాబు వస్తుంది. నటుడు మెల్ బ్లాంక్ తన గొంతుతోనే దగ్గించి, ఆయాసపెట్టించిన పాత మాక్స్‌వెల్ కారునూ, డబ్బు దాచే నేలమాళిగనూ మరికొన్ని భాగాలలో ముందే విని, బెన్నీ పాత్ర పిసినారితనానికి అలవాటుపడినవారికి మాత్రమే ఆ మౌనం అర్థమవుతుంది.

ప్రకటనలను దాటవేయకండి. అనౌన్సర్ డాన్ విల్సన్ సంభాషణ మధ్యలోంచి ప్రకటనలోకి జారుకోవడం కూడా హాస్యంలో భాగమే. లక్కీ స్ట్రైక్ సిగరెట్ల ప్రకటనలో పొగాకు వేలంపాటగాడు గడగడా ధర పాడే తీరు, లంక పొగాకు ఎరిగిన మన జిల్లాల వారికి మరీ నచ్చుతుందని నా నమ్మకం.

తరువాత ఫిబ్బర్ మెగీ అండ్ మాలీ అనే హాస్య కార్యక్రమం వినండి. 1940లో మొదలైన అలమర హాస్యంలో, తలుపు తీయగానే సామానంతా దడదడా కూలి, సద్దుమణిగిందనుకున్నాక చిన్న గంట ఒకటి టింగుమంటుంది. ఏమేం పడ్డాయో ఒక్కొక్కరినీ అడిగితే, ఒకరికి ఇత్తడి బిందెలు, మరొకరికి కొబ్బరికాయల బస్తా వినిపిస్తాయి. మాట అర్థం కాలేదని ఎవరైనా అంటే, మధ్యలో ఆపకుండా భాగం ముగిశాకే వివరించండి.

చివరకు మరో రేడియో హాస్యనటుడు ఫ్రెడ్ ఆలెన్ దగ్గరకు రండి. 1936 డిసెంబరు 30న ఆయన బెన్నీ ఫిడేలు వాయించే తీరును ఎద్దేవా చేయడంతో మొదలైన ఉత్తుత్తి పోట్లాట ఏళ్ళ తరబడి సాగింది. ఇద్దరి కార్యక్రమాలనూ తేదీల వరుసలో మార్చి మార్చి వింటే, ఒకరి వెటకారానికి మరొకరు ఇచ్చిన జవాబు ఎక్కడా తెగిపోదు.