రాయలసీమ నుంచి ఇంటర్వ్యూకు వెళ్తున్నారా? రెండో ప్రశ్నకు సిద్ధపడండి

'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పట్టనివాళ్లు ఉండరు. ఎదురుగా కూర్చున్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్లు మొదటి జవాబు వింటూ దాని వెనకాలే ఇంకో ప్రశ్న వేస్తారు. నీళ్లు నమలడం మొదలయ్యేది అక్కడే.

కాబట్టి పని రెజ్యూమెతో మొదలుపెట్టండి. ఫ్రెషర్‌కు ఒక్క పేజీ చాలు. దాన్ని ప్రింట్ తీసి, ప్రతి లైను పక్కన పెన్సిల్‌తో మూడు మాటలు రాయండి: ఎలా, ఎంత, అందులో నేను చేసిందేమిటి. మూడింటికీ జవాబు లేని లైను కొట్టేయండి. 'సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేయాలన్నదే నా లక్ష్యం' లాంటి అరువు వాక్యం మొదట పోవాలి. కాలేజీ ప్రాజెక్టు నలుగురు కలిసి చేసి ఉంటే మీ వంతు మాత్రమే రాయండి. డబ్బులిచ్చి చేయించుకున్న ప్రాజెక్టును పట్టుకోవడానికి ఇంటర్వ్యూ చేసేవాళ్లకు రెండు నిమిషాలు పట్టదు.

ఉదాహరణకు, పెనుకొండ వైపు కార్ల ఫ్యాక్టరీకో, దానికి విడిభాగాలు సరఫరా చేసే కంపెనీకో డిప్లొమా మెకానికల్ వాళ్లు వెళ్తున్నారనుకుందాం. రెజ్యూమెలో 'వెర్నియర్ (పొడవు, మందం కొలిచే పరికరం) వాడటం వచ్చు' అని ఉంటే లీస్ట్ కౌంట్, అంటే దాంతో కొలవగలిగే అతి చిన్న కొలత, అడుగుతారు. మామూలు వెర్నియర్‌కు 0.02 మి.మీ., మైక్రోమీటర్‌కు 0.01 మి.మీ. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. 'జీరో ఎర్రర్ ఉంటే రీడింగ్ ఏం చేస్తావు?' అన్నది రెండో ప్రశ్న (ఏమీ కొలవనప్పుడే సున్నా చూపించకపోతే అది జీరో ఎర్రర్). పాజిటివ్ అయితే తీసేయాలి, నెగటివ్ అయితే కలపాలి. ఎందుకో కూడా చెప్పగలిగితే గెలిచినట్టే. ఫైవ్ ఎస్ (పనిచేసేచోటును శుభ్రంగా, పద్ధతిగా ఉంచే ఐదు సూత్రాలు) అని రాస్తే ఐదూ వరసగా రావాలి, ల్యాబ్‌లోనో వర్క్‌షాప్‌లోనో చూసిన ఉదాహరణ ఒకటి ఉండాలి.

తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీకైతే సున్నపురాయి నుంచి క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) ఎలా తయారవుతుందో, కిల్న్ అనే కొలిమిలో వేడి దాదాపు 1450 డిగ్రీలు ఎందుకుండాలో, చివర్లో జిప్సం ఎందుకు కలుపుతారో చూసుకోండి (సిమెంటు వెంటనే గట్టిపడకుండా). ఓర్వకల్లు సోలార్ పార్క్ వైపు పనులకు ఎలక్ట్రికల్ వాళ్లను తికమక పెట్టే ప్రశ్న ఒకటుంది: 'కర్నూలు ఎండలో ప్యానెల్ బాగా పనిచేస్తుందా?' వెలుతురు ఎక్కువైతే కరెంటు పెరుగుతుంది, కానీ ప్యానెల్ వేడెక్కేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. సిలికాన్ ప్యానెల్‌కు 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి పవర్ సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. ఇలాంటి ప్రశ్నకు గూగుల్‌లో దొరికిన కంపెనీ చరిత్ర పనికిరాదు.

పరిచయం నిమిషం, నిమిషంన్నర దాటకూడదు. నాన్న పేరు, ఇంట్లో ఎంతమంది అన్నవి అడిగితేనే చెప్పండి. ఏం చదివారు, చేతికి ఏ పని వచ్చు, ఈ ఉద్యోగానికి అది ఎలా సరిపోతుంది, అంతే. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మీ వేగం మీకే తెలిసొస్తుంది.

నంద్యాలలో బ్యాంకు కోచింగ్, అనంతపురంలో గ్రూప్స్ అంటూ రెండు మూడేళ్లు పోయినవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఆ ఖాళీని దాచొద్దు. లేని కంపెనీ పేరు పెట్టి అనుభవమని రాస్తే వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. 'రెండేళ్లు బ్యాంకు పరీక్షలకు చదివాను, రాలేదు, గత ఆరు నెలలుగా ఈ కోర్సు చేస్తున్నాను' అని ఒక్క వాక్యంలో చెప్పి ఆగండి. 'మళ్లీ నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతారా?' అని తప్పకుండా అడుగుతారు. దానికి ముందే తేల్చుకున్న జవాబు ఉండాలి.

ఇంగ్లీషు గురించి అతిగా భయపడొద్దు. చిన్న వాక్యాలు చాలు. స్థానిక ఫ్యాక్టరీల్లో టెక్నికల్ విషయం దగ్గర ఆగిపోతే 'తెలుగులో చెప్పొచ్చా సార్' అని అడగడంలో తప్పులేదు. హిందూపురం, మడకశిర, రాయదుర్గం వైపువాళ్లు కన్నడ మాట్లాడగలిగితే భాషల వరుసలో తప్పక రాయండి. బెంగళూరు ఉద్యోగాలకు అది అసలైన అర్హత, మనవాళ్లే దాన్ని లెక్కలోకి తీసుకోరు.

సర్టిఫికెట్ల ఫైలులో టెన్త్ మెమో పైన ఉండాలి, తర్వాత ఇంటర్ లేదా డిప్లొమా, డిగ్రీ మెమోలు, ప్రావిజనల్, ఆధార్, పాన్. రెండు సెట్లు జిరాక్స్, నాలుగు ఫొటోలు. అన్నిటికంటే ముందు పేరు సరిచూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే చేరేటప్పుడు పీఎఫ్ ఖాతా దగ్గర ఆగిపోతుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి టెన్త్ మెమో చేతిలో పెట్టుకుని ఒకేసారి సరిగ్గా చేయించండి.

అనంతపురం నుంచి బెంగళూరైనా, కర్నూలు నుంచి హైదరాబాదైనా 200 కిలోమీటర్ల పైనే, అది హైవే మీద లెక్క. అనంతపురం నుంచి వెళ్లే బస్సు బెంగళూరులో అడుగుపెట్టే హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పది గంటల ఇంటర్వ్యూకు ముందురోజే చేరుకోండి. ఇస్త్రీ చొక్కా బస్సులో వేసుకోవద్దు, దిగాక మార్చుకోండి. లేత రంగు, ఫుల్ హ్యాండ్స్. అమ్మాయిలకు చుడీదార్ అయినా చీరైనా పర్వాలేదు, చున్నీ పిన్ చేసుకోవాలి. ఫ్యాక్టరీలో కొన్నిచోట్ల ప్లాంటు లోపల తిప్పుతూ ప్రశ్నలడుగుతారు, చెప్పులతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

తెలియని ప్రశ్నకు 'తెలియదు సార్' అనండి. దానికి దగ్గరగా తెలిసింది ఉంటే ఒక ముక్క కలపండి.

జీతం మాట వచ్చినప్పుడు చేతికెంత వస్తుందో అడగండి. సీటీసీ అంటే ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు, 2,40,000 సీటీసీ అంటే చేతికి నెలకు 20,000 కాదు. బేసిక్ 10,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,200, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) 481, కంపెనీ వాటా ఈఎస్ఐ (వైద్య బీమా) సుమారు 577 అందులోంచే పోతాయి. మీ వాటా పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 133, ఆంధ్రలో అయితే వృత్తి పన్ను 150 కూడా తీసేస్తే చేతికొచ్చేది 16,250 చిల్లర. బోనస్‌ను కూడా సీటీసీలో కలిపితే ఇంకా తక్కువ. బెంగళూరులో గది అద్దె కనుక్కుని ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, 'మా దగ్గరే ఉంచండి' అంటే జిరాక్స్ ఇవ్వండి. శిక్షణ పేరుతోనో డిపాజిట్ పేరుతోనో చేరకముందే డబ్బులడిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.