మెనోపాజ్ ఇబ్బందులకు మూలికలు మొదలుపెట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ముట్లు ఆగిపోయే వయసులో, అంటే సాధారణంగా 45 నుంచి 55 ఏళ్ల మధ్య, ఉన్నట్టుండి ఛాతీ నుంచి ముఖం దాకా వేడి ఆవిర్లు కమ్ముకొచ్చి, వెనువెంటనే చెమటలు పట్టి, రాత్రి నిద్ర చెడిపోతుంటే ఎవరైనా ఉపశమనం కోసం వెతుక్కుంటారు. హార్మోన్ మాత్రలంటే భయపడే స్త్రీలు మూలికల వైపు చూడటంలో తప్పేమీ లేదు. అయితే ఒంటి మీద పనిచేస్తుందన్న నమ్మకంతోనే మూలికను వాడుతున్నాం కాబట్టి, దాన్ని మందుగానే లెక్కగట్టి, ఏ మందు విషయంలోనైనా పాటించే జాగ్రత్తలన్నీ దానికీ పాటించాలి.

ముందుగా ఆ బాధలు మెనోపాజ్ వల్లనే వస్తున్నాయో లేదో తేల్చుకోవాలి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా ఇలాగే చెమటలు పట్టి, గుండెదడ వచ్చి, నిద్ర పట్టదు; ఒక్క రక్తపరీక్షతో అది తెలిసిపోతుంది. 40 ఏళ్లలోపే ముట్లు ఆగిపోయినవారు మూలికలతో సరిపెట్టుకోకూడదు. వారికి ఎముకల, గుండె రక్షణ కోసం, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ చికిత్సను వైద్యులు సాధారణంగా సూచిస్తారు. ఇక, వరుసగా 12 నెలలు ముట్టు రాకుండా ఉండి ఆ తర్వాత ఎప్పుడైనా రక్తం కనిపిస్తే, అది ఒక్క మరకైనా సరే, ఏ మూలికతోనూ ఆపే ప్రయత్నం చేయకుండా వైద్యురాలిని కలవాలి. గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ చాలామందిలో మొదట బయటపడేది ఈ రూపంలోనే.

ఈ ఇబ్బందుల కోసం ఎక్కువగా అమ్ముడయ్యే మూలికల్లో బ్లాక్ కోహోష్ వేరు ఒకటి. 2012లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ రెండు వేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్న 16 పరీక్షలను పరిశీలించి, దాన్ని సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవని తేల్చింది. మరోవైపు, దాన్ని వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు నివేదికలు వచ్చాయి. అశ్వగంధ విషయంలోనూ అలాంటి నివేదికలున్నాయి. పైగా అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. అందువల్ల గతంలో కామెర్లు వచ్చినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు ఈ రెండింటి జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. మిగతావారు కూడా మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వచ్చినా వెంటనే వాడకం ఆపి, ఆ సీసాను వెంట తీసుకుని వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

సోయా, రెడ్ క్లోవర్ మాత్రల్లో ఉండే ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్‌ను కొంతవరకు పోలి పనిచేస్తాయి. కాబట్టి రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు క్యాన్సర్ వైద్యులను అడగకుండా వాటిని ముట్టుకోకూడదు. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో రోజుకు 150 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు సోయా ఐసోఫ్లేవోన్ మాత్రలు వాడిన 154 మందిలో ఆరుగురికి గర్భసంచి లోపలి పొర అతిగా పెరిగింది. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో ఒక్కరికీ అలా జరగలేదు. ఆహారంలో భాగంగా తినే సోయా గురించి కాదు, గాఢత పెంచిన మాత్రలను ఏళ్ల తరబడి మింగడం గురించే ఈ హెచ్చరిక.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది, ఇప్పటికే వాడుతున్న మాత్రలతో మూలికలను కలిపే విషయంలో. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్, మందులను విడగొట్టే కాలేయపు ఎంజైములను రెచ్చగొట్టడం వల్ల, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్ వంటివి రక్తంలో నిలవవలసిన మోతాదులో నిలవవు. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. ముట్లు తప్పుతున్న దశలో కూడా గర్భం వచ్చే అవకాశం ఉంటుందని చాలామంది మరచిపోతారు. చివరి ముట్టు తర్వాత 50 దాటినవారు ఏడాది, అంతకన్నా చిన్నవారు రెండేళ్లు గర్భనిరోధకం కొనసాగించాలి. డాంగ్ క్వాయ్ అనే చైనా మూలిక వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయగలదు. అతిమధురం పొటాషియాన్ని తగ్గించి రక్తపోటును పెంచుతుంది కనుక బీపీ ఉన్నవారికి పనికిరాదు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపి, ఆ సంగతి మత్తుమందు ఇచ్చే డాక్టర్‌కు చెప్పాలి.

ఇవన్నీ చూసుకున్నాక వాడాలనుకుంటే, పది మూలికలు కలిపిన గుళికను కాకుండా ఒకే మూలిక ఉన్నదాన్ని, మోతాదు స్పష్టంగా రాసి, సీసం, పాదరసం వంటి లోహాల పరీక్ష జరిగినదాన్ని ఎంచుకోవాలి. మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే రోజుకు ఎన్నిసార్లు ఆవిర్లు వచ్చాయో రాసిపెట్టుకుని, మూడు నెలల తర్వాత పోల్చి చూసుకోవాలి. హార్మోన్ చికిత్స పరీక్షల మీద 2004లో వచ్చిన సమీక్షలో, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న స్త్రీలలోనే ఆవిర్లు 57.7 శాతం తగ్గాయి. కాబట్టి కొంత తగ్గినంత మాత్రాన అది మూలిక గొప్పతనమని అనుకోలేం. తేడా లేకపోతే మోతాదు పెంచకుండా ఆపేయాలి.

యోని పొడిబారడం, కలయికలో నొప్పి, తరచూ మూత్రంలో మంట రావడం వంటివి వేడి ఆవిర్లలా కాలంతో తగ్గేవి కావు, చికిత్స లేకపోతే ముదురుతాయి. సిగ్గుపడి వీటికి మూలికలతో కాలక్షేపం చేయకుండా వైద్యురాలితో మాట్లాడితే, తేమనిచ్చే జెల్ గానీ, తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ గానీ సూచిస్తారు.