ప్రకటన ఇచ్చినా జనం నమ్మడం లేదా? లోపం ఎక్కడ, సరిచేయడం ఎలా

ఆపద ఒకటి, దాని గురించి పైవాళ్లు చెప్పిన మాట వల్ల వచ్చే ఆపద ఇంకొకటి. ఇక్కడ చూసేది రెండోదాన్నే. ముందుగా ఒక పరీక్ష: లోపం చేతలో ఉందా, మాటలో ఉందా? తాగునీరు అందని చోట ప్రెస్‌నోట్‌ను ఎంత తిరగరాసినా ఉపయోగం లేదు, ట్యాంకర్ పంపాలి.

లక్షణం: అధికారులు నోరు విప్పేలోపే పుకార్లు ఊరు చుట్టేశాయి

కారణం: "వివరాలన్నీ వచ్చాక చెబుదాం" అనుకోవడం. సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు రియాక్టర్ 1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక పేలింది. 28న వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో రేడియేషన్ బయటపడ్డాక గానీ సోవియట్ టీవీలో ఒక ముక్తసరి ప్రకటన రాలేదు.

పరిష్కారం: మొదటి గంటలోనే నాలుగు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఏది ఇంకా తేలలేదు, జనం ఇప్పుడు ఏం చేయాలి, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతాం. అందరూ వదిలేసేది నాలుగోదాన్నే, పనిచేసేదీ అదే. చెప్పిన వేళకు కొత్త సంగతి లేకపోయినా వచ్చి, లేదనే చెప్పాలి.

లక్షణం: అంకె రోజురోజుకూ పెరుగుతోంది, దాస్తున్నారన్న అనుమానమూ పెరుగుతోంది

కారణం: తొందరపడి ఒకే అంకె, అదీ తక్కువది, ఖాయంగా చెప్పేయడం. 2010లో మెక్సికో గల్ఫ్‌లో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలాక చమురు రోజుకు 1,000 బ్యారెళ్లు కారుతోందన్నారు, కొద్ది రోజులకే 5,000 అన్నారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆగస్టులో లెక్కతేల్చింది మొదట్లో రోజుకు 62,000, బావి మూసేనాటికి 53,000.

పరిష్కారం: "ఇంతకు తగ్గదు, ఇంతవరకూ ఉండొచ్చు" అని హద్దులు చెప్పండి. ఎవరు, ఏ వేళకు, ఎలా లెక్కించారో పక్కనే రాయండి. నష్టం పెరిగిందా, లెక్క పద్ధతి మారిందా అన్నది విడివిడిగా చెప్పాలి. ఈ రెండూ కలిపేస్తే నిజాయితీగా చేసిన సవరణ కూడా అబద్ధంలానే కనిపిస్తుంది. పాత బులెటిన్లు తీసేయకండి.

లక్షణం: తలో మాట

1979 మార్చి 28న అమెరికాలో త్రీమైల్ ఐలండ్ అణు ప్రమాదం తర్వాత రెండు రోజులు కంపెనీ ఒకటి చెప్పింది, నియంత్రణ సంస్థ ఒకటి, రాష్ట్రం ఇంకొకటి. లక్ష మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. 30న అధ్యక్షుడు కార్టర్ తరఫున నియంత్రణ సంస్థ ఇంజినీరు హెరాల్డ్ డెంటన్ అక్కడికి చేరి, ఆ ప్లాంటు సంగతులు చెప్పే ఒకే గొంతు అయ్యాక గందరగోళం సద్దుమణిగింది.

పరిష్కారం: విషయం తెలిసిన ఒక్కరే మాట్లాడాలి. ఆ మనిషి మంత్రే కానక్కర్లేదు, కాకపోతేనే మేలు. మిగతావాళ్లు తమ శాఖ పనికే పరిమితం కావాలి. ప్రెస్‌మీట్‌కు ముందు పావుగంట అందరూ కూర్చుని ఒకే కాగితం చూసుకోవాలి.

లక్షణం: భరోసా ఇచ్చేకొద్దీ భయం పెరుగుతోంది

కారణం: "ప్రమాదం ఉన్నట్టు ఆధారం లేదు" అన్న మాట మైకు దాకా వచ్చేసరికి "ప్రమాదమే లేదు" అయిపోతుంది. బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు భయం ముదిరిన 1990లో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు తన కూతురికి గొడ్డు మాంసం బర్గర్ తినిపించబోయాడు. 1996 మార్చి 20న అదే పార్టీ ప్రభుత్వం, మనుషుల్లో కనిపించిన కొత్త జబ్బుకు ఆ ఆవు జబ్బుతో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని పార్లమెంటుకు చెప్పాల్సివచ్చింది.

పరిష్కారం: తెలిసింది, తెలియనిది, తెలియకపోయినా ముందుజాగ్రత్తగా చేస్తున్నది, ఈ మూడూ కలవనీయకండి. తినిచూపే, తాగిచూపే ప్రదర్శనలు వద్దు.

లక్షణం: క్షమాపణ చెప్పాక కోపం రెట్టింపైంది

అందులో "ఒకవేళ ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని ఉందేమో చూడండి. ఉంటే కొట్టేయండి. ఏ తప్పు, ఎవరికి నష్టం, ఏ తేదీలోగా ఏం చేస్తారు, ఇంతే ఉండాలి. క్షమాపణ చెప్పే మనిషి అలసట గురించి ఒక్క ముక్క కూడా వద్దు.

లక్షణం: విచారణ వేసినా ఎవరికీ పట్టలేదు

కారణం: గడువు లేకపోవడం, లేదా ఆ శాఖవాళ్లే విచారించడం. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పేలింది. ఫిబ్రవరి 3న వేసిన రోజర్స్ కమిషన్‌కు 120 రోజుల గడువిచ్చారు, జూన్‌లో నివేదిక వచ్చింది. ఉత్తర్వులోనే సభ్యుల పేర్లు, గడువు, నివేదికను బయటపెట్టే తేదీ ఉండాలి. మూడోది లేని ఉత్తర్వును సంతకానికి పంపకండి.