పాత బుల్లెట్‌కి సెకండ్‌హ్యాండ్ క్యామ్, వాల్వ్, రాకర్లు: తయారీ లోపాలు ఎలా పట్టుకోవాలి?

కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ ఇంకా నడుపుతున్నవాళ్లు ట్యాపెట్ సౌండ్‌ని బట్టే సగం ఇంజన్ చదివేస్తారు. క్యామ్ తిరుగుతూ ట్యాపెట్‌ని లేపుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ని, అది రాకర్‌ని నెడితే వాల్వ్ తెరుచుకుంటుంది. ఆ సౌండ్ సెట్టింగ్‌కి లొంగడం మానేసిన రోజున క్యామో, రాకరో, వాల్వో మార్చక తప్పదు. యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే రకం) వచ్చి ట్యాపెట్లు హైడ్రాలిక్ అయిపోయాక పాత రకం సామాన్ల కోసం జనం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్లు విప్పే కొట్ల చుట్టూ తిరుగుతున్నారు. ఈ కొట్లలో దొరికేవి మూడు రకాలు: ఇంజన్లోంచి తీసిన ఒరిజినల్, కొన్నాళ్లు వాడి తీసేసిన డూప్లికేట్, అసలు వాడకుండా మిగిలిపోయిన పాత స్టాక్.

చాలామంది మూడోదానికి ఎగబడతారు. నా లెక్క వేరు. అరుగుదల కంటికి కనిపిస్తుంది, దాన్ని చూపించి బేరం కూడా ఆడొచ్చు. పోతలోనో, గ్రైండింగ్‌లోనో, హార్డెనింగ్‌లోనో (కాల్చి చల్లార్చి లోహాన్ని గట్టిపరచడం) వచ్చిన లోపం మెరుపు కింద దాక్కుంటుంది. ఏళ్ల తరబడి తిరిగి, అంతటా ఒకేలా అరిగిన క్యామ్ తన బలం చూపించేసింది. నూనె కాగితంలో చుట్టి ఉన్నది ఇంకా ఏమీ చూపించలేదు. అన్నిటికంటే అనుమానించాల్సింది మాత్రం కొద్దిగానే వాడి తీసేసిన ముక్క. పని చేసేదాన్ని ఎవరూ ఊరికే విప్పి పక్కన పెట్టరు కదా. "ఎందుకు తీశారన్నా?" అని అడగండి. జవాబులో తడబాటు ఉంటే కింద చెప్పిన పరీక్షలన్నీ చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, టార్చ్, చిన్న అయస్కాంతం, సన్న ఆకురాయి, మందపాటి అద్దం పలక, మూలమట్టం, వెర్నియర్, కాస్త సుద్దపొడి, కిరసనాయిలు. కిరసనాయిలు దొరక్కపోతే డీజిల్ వాడొచ్చు, కాకపోతే ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. మైక్రోమీటర్, డయల్ గేజ్ కొనక్కర్లేదు. తెలిసిన లేత్ షాపుకి టీ టైంలో వెళ్తే పని జరిగిపోతుంది.

ముందు కడగండి, మెరుగు మాత్రం పెట్టకండి

జిడ్డు, మసి పోయేదాకా డీజిల్‌లో ఇత్తడి బ్రష్‌తో కడిగి, గుడ్డతో తుడవండి. ఎమరీ కాగితం, బఫింగ్ చక్రం జోలికి పోవద్దు. బఫింగ్ చేస్తే పైలోహం జరిగి సన్న పగుళ్ల నోళ్లు మూసేస్తుంది, తర్వాత ఏ పరీక్షకీ అవి దొరకవు. కొట్టువాడే ముందుగా అద్దంలా మెరిపించి పెడితే ఆ ముక్క పక్కన పెట్టి ఇంకోటి అడగండి.

కడిగాక గోధుమ, నీలం రంగు మరకలు కనిపిస్తే కంగారు పడకుండా ఒక గుడ్డకి థిన్నర్ రాసి రుద్దండి. మరక పోతే అది మాడిన ఆయిల్ పొర. పోకపోతే లోహం వేడెక్కి మారిన రంగు. ఆ రంగు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. ఆయిల్ అందక వేడెక్కితే రాపిడి గీతలు కూడా తోడుంటాయి. గీతల్లేకుండా, సానపట్టిన ముఖం మీద ఒక పట్టీలా రంగుంటే అది గ్రైండింగ్ చక్రం కాల్చిన గుర్తు. అక్కడ హార్డెనింగ్ దిగిపోయి ఉంటుంది, సన్న పగుళ్లు కూడా ఉండొచ్చు.

క్యామ్: ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

ఈ బుల్లెట్‌లో ఇన్‌లెట్‌కి ఒకటి, ఎగ్జాస్ట్‌కి ఒకటి చొప్పున క్యామ్‌లు విడివిడిగా, వాటి వాటి గేర్లతో, వేర్వేరు స్పిండిళ్ల (ఇరుసుల) మీద తిరుగుతాయి. తయారీలో తప్పు జరగడానికి చోట్లు కూడా అందుకే ఎక్కువ.

మొదట గేర్ మధ్యలో ఉన్న రంధ్రం. క్యామ్‌ని దాని స్పిండిల్ మీద ఎక్కించి, పక్క గేర్‌తో పళ్లు కలిపి, చేత్తో నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ప్రతి కొన్ని పళ్లకీ ఆగి ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. పళ్ల మధ్య ఆట చుట్టంతా ఒకేలా ఎక్కువగా ఉంటే అది అరుగుదల. ఒకచోట బిగుసుకుని, సరిగ్గా దాని ఎదురుచోట వదులైతే రంధ్రం నడిమధ్యలో పడలేదన్నమాట. అది ఎప్పటికీ సెట్ కాదు. పళ్లు అరిగి సద్దుమణుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, బిగుతుగా ఉన్నచోట మోత పెరుగుతుందే తప్ప తగ్గదు.

తర్వాత లోబ్, అంటే ట్యాపెట్‌ని లేపే ఉబ్బెత్తు భాగం. టార్చ్‌ని పక్క నుంచి, వెలుగు జారిపడేట్టు పెట్టి భూతద్దంతో చూడండి. సూదిమొన గుచ్చినట్టున్న చిన్న చిన్న గుంటల్లో రెండు రకాలుంటాయి. పోతలో గాలి చిక్కినవి అంచులు గుండ్రంగా ఉంటాయి. అవి లోబ్ మీదే కాక, ట్యాపెట్ ఎప్పుడూ తగలని పక్క గోడల మీద కూడా కనిపిస్తాయి. పని ఒత్తిడికి పెచ్చులూడిన గుంటలు అంచులు గరుకుగా, లోబ్ ముక్కు దగ్గర, ట్యాపెట్ బరువు ఎక్కువ పడేచోటే ఉంటాయి. పక్క గోడ మీద ఒకటీ అరా గాలి గుంటలుంటే ఇంజన్ ఆగిపోదు. ట్యాపెట్ నడిచే బాటలో ఒక్కటున్నా వద్దు.

ఇక గట్టిదనం. లోబ్ పని ముఖాన్ని ముట్టుకోకుండా, పక్క అంచు దగ్గర ఆకురాయిని ఒక్కసారి తేలిగ్గా జరపండి. బాగా హార్డెన్ అయిన ఉక్కు మీదా, చిల్డ్ పోత ఇనుము (పోసేటప్పుడే పైభాగాన్ని గబగబా చల్లార్చి గట్టిపరిచినది) మీదా అది గాజు మీద జారినట్టు జారిపోతుంది. కొరికి రజను రాలిస్తే అక్కడ మెత్తగా ఉందని అర్థం. ఒక క్యామ్ లోబ్ జారనిచ్చి రెండో క్యామ్‌ది కొరకనిస్తే ఇంకేం చూడక్కర్లేదు.

చివరగా టైమింగ్ గుర్తులు. ఈ ఇంజన్ గేర్ల మీద చుక్కలు, గీతలు ఉంటాయి. అవి పంచ్‌తో ఎవరో చేత్తో కొట్టినట్టు వంకరగా ఉంటే, మీ పాత క్యామ్ పక్కన పెట్టి, గుర్తు నుంచి లోబ్ ముక్కుకి ఎన్ని పళ్లో లెక్క సరిపోతుందా చూడండి.

ట్యాపెట్లు

గుండ్రటి అడుగున్న ట్యాపెట్ తిరుగుతూ పని చేస్తే అడుగున ఉంగరాల్లాంటి గుర్తులు పడతాయి. అడ్డంగా ఒకే గాడి పడితే అది తిరగలేదు. అడుగు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుగుకి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో సందులోంచి వెలుగొస్తే గుంట పడినట్టే, వద్దు. ఒకరి ట్యాపెట్‌ని ఇంకొకరి క్యామ్ మీద పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేని పని. కొంటే ఆ క్యామ్‌తో జతగా తిరిగిన ట్యాపెట్‌నే, ఏది దేనిదో చీటీ కట్టించి కొనండి.

వాల్వ్: అయస్కాంతంతో మొదలుపెట్టండి

చాలా ఎగ్జాస్ట్ వాల్వ్‌ల తల ఒక లోహం, కాడ ఇంకో లోహం. వేడికి తట్టుకునే తల అయస్కాంతానికి అంటుకోదు, కాడ అంటుకుంటుంది. రెంటినీ రాపిడి వేడితో అతికిస్తారు. అయస్కాంతాన్ని తల నుంచి కాడ మీదుగా జరుపుతూ పోతే ఎక్కడ పట్టు మొదలవుతుందో అదే అతుకు. ఆ చోట గోరు అడ్డంగా గీయండి. మెట్టు తగిలినా, భూతద్దంలో చుట్టూ సన్నగీత కనిపించినా తిరిగి ఇచ్చేయండి. మొత్తం అంటుకునేవీ, అసలు అంటుకోనివీ కూడా ఉంటాయి, అది లోపం కాదు. ఒకే సెట్ అని అమ్ముతున్న ఎగ్జాస్ట్ వాల్వ్‌లలో ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తే మాత్రం అది సెట్ కాకపోవచ్చు, వేర్వేరు ఇంజన్ల నుంచి ఏరినవి కావచ్చు.

కాడని అద్దం పలక అంచున, తల బయటికి వేలాడేట్టు పెట్టి దొర్లించండి. తల పైకీ కిందికీ ఊగితే వంకర. ఎంత వంకరో లేత్ షాపులో డయల్ గేజ్ చెబుతుంది. కాడ మీద క్రోమ్ పూత పొరలుగా లేస్తోందేమో కూడా చూడండి.

లాకులు (స్ప్రింగుని వాల్వ్ కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు) కూర్చునే గాడిని అందరూ వదిలేస్తారు. వాల్వ్ తెగి సిలిండర్లో పడిందంటే పిస్టన్ కూడా పోయినట్టే, ఆ తెగడం మొదలయ్యే చోట్లలో ఈ గాడి ఒకటి. గాడి మూలలు కొంచెం గుండ్రంగా, నున్నగా ఉండాలి. కత్తితో కోసినట్టు పదునైన మూల, టూల్ గీతలు ఉంటే అక్కడే ఒత్తిడి చేరి పగులు పుడుతుంది. తల అంచు మందం వెర్నియర్‌తో కొలవండి. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి 1 మిల్లీమీటర్ కంటే తగ్గితే ఎంత చవకైనా వద్దు.

కార్ల వాల్వ్‌లు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. కొన్నిటి కాడ బోలుగా ఉండి లోపల సోడియం ఉంటుంది. నీళ్లు తగిలితే అది భగ్గుమంటుంది. లోపల ఏముందో చూద్దామని కోయడం, వెల్డింగ్ పెట్టడం చేయకండి.

స్ప్రింగులు, లాకులు

కొత్తవే కొనండి. వీటిలో మిగిలే డబ్బుకి అంత రిస్క్ అక్కర్లేదు. పాతవి తప్ప దొరకని పరిస్థితైతే అద్దం మీద పక్కపక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి, మూలమట్టం ఆనించి పక్కకి వాలిందేమో చూడండి. తీగ పొడవునా సాగే గీత, ఒక్క తుప్పు గుంట, ఒక్క గాటు ఉన్నా పారేయండి. లోపలి స్ప్రింగు, బయటి స్ప్రింగు సాధారణంగా ఒకదానికొకటి ఎదురు దిశలో చుట్టి ఉంటాయి. రెండూ ఒకే దిశలో ఉంటే ఎవరో జత కలిపారు.

రాకర్, పుష్ రాడ్

రాకర్‌లో ఆయిల్ దారి మొదట చూడండి. ఒకవైపు నోటితో ఊదితే రెండోవైపు గాలి ఆగకుండా రావాలి. రాకపోతే సన్న తీగ దూర్చండి. మెత్తగా ఆగితే అది మడ్డి, కడిగితే పోతుంది. లోహానికి కొట్టుకుని ఆగితే రెండు వైపుల నుంచి వేసిన రంధ్రాలు లోపల కలవలేదన్నమాట. వాల్వ్‌కి తగిలే ముఖం మీద పూత పెచ్చులు లేస్తే వద్దు. ఫోర్జింగ్ ముక్కల్లో (కాల్చి అచ్చులో కొట్టి చేసినవి) లోహం మడతపడితే సన్నటి వంకర గీత కనిపిస్తుంది. అచ్చు అతుకు గీత తిన్నగా అంచు వెంటే పోతుంది, మడత గీత దారి తప్పి లోపలికి తిరుగుతుంది.

బుల్లెట్ పుష్ రాడ్లు అల్యూమినియం, చివర్లు ఉక్కు. అద్దం మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. ఉక్కు చివరని పట్టుకుని మెలితిప్పండి, పిసరంత కదిలినా ఆ బిగింపు పోయినట్టే.

పగుళ్ల కోసం సుద్ద పరీక్ష

క్యామ్, రాకర్, వాల్వ్‌లని కిరసనాయిల్లో గంటసేపు నాననివ్వండి. తీసి, పొడి గుడ్డతో బాగా తుడిచి, సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి పల్చగా పూయండి. దగ్గర్లో మంట ఉండకూడదు. ఆరి తెల్లబడ్డాక వదిలేసి కాసేపాగి చూడండి. పగులు ఉంటే లోపల చిక్కిన కిరసనాయిలు పైకి పీల్చుకుని తడి గీతలా కనిపిస్తుంది. గీతగా వస్తే పగులు, చుక్కలుగా వస్తే గాలి గుంటలు. ఇంకా నమ్మకంగా కావాలంటే వెల్డింగ్ సామాన్ల కొట్లలో ఎర్ర రంగు స్ప్రే, తెల్ల స్ప్రే సెట్ అడగండి, పని అదే, చూపు పదును. క్రాంక్ గ్రైండింగ్ షాపుల్లో కొన్నిచోట్ల అయస్కాంత పరీక్ష కూడా చేస్తారు. అల్యూమినియానికి అది పనికిరాదు. ఇనుము, ఉక్కు ముక్కలకి చేయిస్తే అయస్కాంత శక్తి పూర్తిగా తీసేయించుకోండి, లేకపోతే ఇంజన్లో తిరిగే ఇనుప రజనంతా క్యామ్‌కే అంటుకుంటుంది.

బేరం, బిగింపు

అన్నీ చూసినా లోపల దాగిన లోపం ఒకటి మిగిలిపోవచ్చు. అందుకే కొనేటప్పుడు ఎన్ని రోజుల్లో తిరిగి తీసుకుంటారో బిల్లు వెనక రాయించుకోండి, ముక్క మీద చెరగని గుర్తు పెట్టి కొట్టువాడి ముందే ఫోటో తీయండి. బిగించాక కిక్ కొట్టే ముందు ఇంజన్ని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పండి. చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోక్ చివర్లో, పుష్ రాడ్ పైకీ కిందికీ ఆడకుండా వేళ్లతో తేలిగ్గా తిరగాలి. క్యామ్ ఎన్ని చుట్లు తిరిగొచ్చినా ఆ బిందువు దగ్గర బిగింపు ఒకేలా ఉండాలి. ఒక చుట్టులో వదులు, మరో చుట్టులో బిగుతు అయితే మళ్లీ విప్పి, స్పిండిల్ మీద గేర్ల ఆట ఇంకోసారి చూడండి.